ముప్పై, తర్వాత పది

బేళ్ళు విప్పడం నా పని.
మోచేతుల దాకా సరిపోదు, భుజాల దాకా
ఉన్నిలోకి చేతులు దూర్చాలి.
లోపల జబ్బుంటే
వెనిస్ కంటే ముందు నన్ను పట్టుకోవాలి.
అందుకే నాకు రోజుకూలి, రొట్టె,
పులిసిపోయిన ద్రాక్షసారా.

ఉప్పుకయ్యల నడుమ లంక ఇది.
గదికో పొగగొట్టం.
తెల్లారి అన్నీ ఒక్కసారి పొగలెత్తితే
దూరపు పడవలవాళ్ళు ఎవరిదో కోట అనుకుంటారట.

ఉత్తరాలొస్తే పటకారుతో పట్టి
వెనిగర్లో ముంచి పొగమీద ఆరబెడతాం.
ఎవరి ప్రేమో, ఎవరి బాకీయో,
సిరా మాత్రం ఒకేలా చెదురుతుంది.

వ్లాహో రగూసావాడు. ఓడ గుమాస్తా.
స్మిర్నా నుంచి మైనం, ఎండు అంజూర, తడిసిన ఉన్ని తెచ్చాడు.
మొదటిరోజే బేరానికి దిగాడు:
"మా ఊళ్ళో ముప్పయ్యే, మేనెగో.
అసలీ పద్ధతి మాది.
మీకంటే ముందు మేమే మనుషుల్ని
రాతిదిబ్బ మీద దింపి ఎండబెట్టాం.
త్రెంతీన అన్నాం. ముప్పై.
మీరు దానికి పది కలిపి క్వరంతీన అన్నారు,
అసలు మీద వడ్డీ కట్టినట్టు."

ఎవరు కలిపారో ఆ పది!
పాదిరిని అడిగితే
ప్రభువు ఎడారిలో పస్తున్నది నలభై, వాన కురిసింది నలభై అంటాడు.
వైద్యుడు, ఎంతటి జ్వరమైనా నలభైలోపు తేలాలి అంటాడు.
మా అమ్మకి తెలిసిన నలభై వేరే,
బాలింతరాలు గడప దాటని నలభై.
కాపలావాడు మాత్రం
కాగితం మీద అలా ఉంది, పోయి పని చూసుకో అన్నాడు.

రాత్రి నిద్రపట్టక ఆ మాటనే తిప్పి చూశాను.
అందులో జ్వరం లేదు.
గడ్డ లేదు, శవం లేదు, పడవ లేదు.
ఉత్త లెక్క.
నలభై. ఏవి నలభై?
రోజులు అన్న ముక్క ఎక్కడో
తెడ్డు జారినట్టు నీళ్ళలోకి జారిపోయింది.
ఎవరూ వెనక్కి వెళ్ళి తేలేదు.

బేళ్ళకి గుర్తులేసే ఎర్రరంగుతో
వ్లాహో గోడ మీద రోజుకో గీత గీసేవాడు.
మధ్యలో ఓ ఓడ బొమ్మ,
దాని తెరచాప కుదరక చెరిపేసిన మరక.

ముప్పై ఒకటో రోజు గడ్డం గీసుకున్నాడు.
ఉతికిన చొక్కా తొడుక్కుని
నీటిగుమ్మం దగ్గర కూర్చున్నాడు.
"రగూసా అయితే ఈపాటికి ఇంట్లో ఉందును.
దేషా సార్డీన్లు వేయిస్తుండేది.
మంచం కోడు విరిగింది మేనెగో,
రాగానే బాగుచేస్తానని మాటిచ్చాను."

ముప్పై రెండున అంజూర లెక్కలో నాతో తగువు.
ముప్పై మూడున ఏమీ జరగలేదు.
ముప్పై నాలుగున తలనొప్పన్నాడు, ఎండకి అన్నాడు.
"చెయ్యెత్తు" అన్నాను.
బేలు చూసినట్టే చూశాను.

ఉన్నిలో చేతులు దూర్చింది నేను.

అదే రగూసాలో అయితే
మంచం కోడు ఈపాటికి బాగుచేసి ఉండేవాడు.
ఆ మాట నేను అనలేదు.
తనే అన్నాడు, పడవలో కాళ్ళు ముడుచుకుంటూ,
రోగుల లంకవైపు తిప్పకముందు:
"మీ పది మంచిదే."

అతని దుప్పటి, చెప్పులు, గిన్నె
నేనే మోశాను కాల్చేచోటికి.
నాకింక ఆరు రోజులే మిగిలి ఉండేవి.
సాయంత్రం నీళ్ళకవతల నుంచి
గెడకర్ర చివర రొట్టె అందిస్తూ కాపలావాడు
"ఎన్నో రోజు?" అని అరిచాడు.
"ఒకటి" అన్నాను.

లోపలికొచ్చి ఓ గీత గీశాను.
రంగు పలచనై కారి
పక్కన ఇంకో గీత ఉన్నట్టుంది.
అది లెక్కలోకి రాదు.